ఈరీ జనం మనసు మార్చుకున్నారా, ఓటేసిన మనుషులే మారారా?

సరస్సుగాలి (చర్చ మొదలుపెట్టింది)

నేను పద్నాలుగేళ్లుగా పెన్సిల్వేనియాలో ఈరీ ఊరిని ఆనుకుని ఉన్న మిల్‌క్రీక్‌లో ఉంటున్నాను. ప్లాస్టిక్ విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగం నాది. 2019లో పౌరసత్వం వచ్చింది, 2020లో మొదటిసారి ఓటేశాను. అధ్యక్ష ఎన్నికలు దగ్గరపడితే టీవీ వ్యాన్లన్నీ మా ఊళ్లో దిగుతాయి. టిఫిన్ హోటల్లో కూర్చున్నవాళ్ల ముందు మైకు పెట్టి, "మీరు ఈసారి ఎటు?" అని అడుగుతారు. రాత్రికి టీవీలో "ఊగిసలాడే ఈరీ" అని వస్తుంది. ఈ మధ్య మన తెలుగు యూట్యూబ్ ఛానళ్లలో కూడా ఇదే మాట వింటున్నాను. ఈరీ వాళ్లు గాలి ఎటు వీస్తే అటు పోతారట!

ముందు విషయం చెబుతాను. ఈరీ నగరం, చుట్టుపక్కల ఊళ్లు కలిసిన ఈరీ కౌంటీలో (మన జిల్లా లాంటిది) 2008లోనూ 2012లోనూ డెమోక్రాట్ ఒబామా గెలిచారు. 2016లో రిపబ్లికన్ ట్రంప్, 2020లో డెమోక్రాట్ బైడెన్, 2024లో మళ్లీ ట్రంప్. 1984లో రీగన్ తర్వాత అక్కడ గెలిచిన మొదటి రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి ట్రంపే. 2012లో ఒబామాకు దాదాపు 68 వేల ఓట్లు, రిపబ్లికన్ రామ్నీకి 49 వేలు. నాలుగేళ్లకు ట్రంప్‌కు 60 వేలు, హిల్లరీ క్లింటన్‌కు 58 వేలు. తేడా రెండు వేల లోపే. 2020లో బైడెన్ గెలిచింది కూడా పదిహేను వందల లోపు తేడాతోనే.

ఇందులో జనం ఊగింది ఎక్కడ? లక్షా పాతికవేల మంది ఓటేసిన చోట రెండు వేల ఓట్లు అటూ ఇటూ అయితే ఊరంతా మనసు మార్చుకున్నట్టా? ఈరీ నగరం ఎప్పటిలాగే డెమోక్రాట్లకే వేస్తోంది. 1966 నుంచి మేయర్లందరూ ఆ పార్టీవాళ్లే. దక్షిణాన కోరీ, యూనియన్ సిటీ వైపు పల్లెలు రిపబ్లికన్ల వైపు గట్టిగా నిలబడ్డాయి. ఈ రెండింటి మధ్యలో మిల్‌క్రీక్ లాంటి చోట్ల హోరాహోరీగా ఉంటుంది. అసలు మారేది ఆ రోజు ఇంట్లోంచి బయటికి వచ్చినవాళ్లెవరు, రానివాళ్లెవరు అన్నదే అని నాకు అనిపిస్తుంది. మీరేమంటారు?

రైలుబండి

అమ్మా, ఆ ఊరి పేరు నాకు బాగా తెలుసు. రైల్వేలో మెకానికల్ వైపు ముప్ఫై ఏళ్లు చేసి రిటైరయ్యాను. 2015లో మన రైల్వే అమెరికాలోని జీఈ (జనరల్ ఎలక్ట్రిక్) కంపెనీతో వెయ్యి డీజిల్ ఇంజన్లకు ఒప్పందం చేసుకుంది. మొదటివి ఈరీలో తయారై, 2017లో ముంద్రా రేవులో దిగాయి. డబ్ల్యూడీజీ-4జీ అంటారు. మిగతావి బీహార్‌లో మఢౌరా ఫ్యాక్టరీలో చేస్తున్నారు.

నా ఉద్దేశంలో అసలు సంగతి అక్కడే ఉంది. తాత, తండ్రి, కొడుకు ఒకే ఫ్యాక్టరీలో పనిచేసిన ఊళ్లో పని తగ్గితే కోపం రాదా? పని బయటి దేశాలకు పోతోందని చెప్పిన మనిషికి ఓటు పడింది. దీనికి వేరే లెక్కలెందుకు? మన మఢౌరా వల్ల కూడా వాళ్ల పొట్ట కొట్టినట్టయిందేమో అన్న బాధ నాలో ఉంది.

సరస్సుగాలి

రైలుబండి గారూ, మీ బాధ నాకు అర్థమైంది. కానీ తేదీలు చూడండి. జీఈ అక్కడ దాదాపు 950 ఉద్యోగాలు తీసేస్తామని చెప్పింది 2013లో. అప్పటికి మన ఒప్పందమే లేదు. ఆ పని మొదట పోయింది టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్‌కు. అక్కడ కంపెనీ కొత్త ఫ్యాక్టరీ పెట్టింది, అందులో యూనియన్ లేదు. తర్వాత బొగ్గు రవాణా పడిపోయి, అమెరికా రైలు కంపెనీలు కొత్త ఇంజన్లు కొనడం తగ్గించేశాయి. 2015, 2016 ప్రాంతంలో ఇంకో పదిహేను వందల మంది వరకు బయటికి వచ్చారు. మన ఆర్డరు వల్ల అక్కడ కొన్నాళ్లు పని దొరికిందే తప్ప పోలేదు. ఆ విషయంలో మీరు బాధపడాల్సింది లేదు.

ఇంకో సంగతి. ఆ ఫ్యాక్టరీ ఉన్నది ఈరీ నగరంలో కాదు, పక్కనే లారెన్స్ పార్క్ టౌన్‌షిప్‌లో. వందేళ్ల కిందట కార్మికుల కోసం కట్టిన వరుస ఇళ్లు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి. 2019 ఫిబ్రవరిలో జీఈ నుంచి వాబ్‌టెక్ అనే రైలు పరికరాల కంపెనీ చేతికి మారగానే యూనియన్ సమ్మెకు దిగింది. దాదాపు 1,700 మంది, తొమ్మిది రోజులు, ఎముకలు కొరికే చలిలో. 2023 వేసవిలో మళ్లీ రెండు నెలలకు పైగా సమ్మె. రెండుసార్లూ ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు ఆ గేటు మీదుగా వెళ్లాను. ఒకే డ్రమ్ములో కట్టెల మంట చుట్టూ నిలబడినవాళ్లలో ఒకాయన నెత్తిన ట్రంప్ టోపీ, పక్కాయన కోటు మీద వామపక్ష నాయకుడు బెర్నీ సాండర్స్ బ్యాడ్జి. ఇద్దరూ ఒకే అట్ట పట్టుకుని ఉన్నారు. ఫ్యాక్టరీ కోపం ఉన్నది నిజం. అది అందరినీ ఒకే వైపు తోసింది అంటే మాత్రం నేను కళ్లారా చూసింది వేరు.

లెక్కలబాబు

సరస్సుగాలి గారూ, మీరు ఇచ్చిన అంకెలే మీ వాదనకు అడ్డం వస్తున్నాయండి. 2012లో రెండు పార్టీల ఓట్లు కలిపితే లక్షా పదిహేడు వేలు. 2016లో కలిపితే లక్షా పద్దెనిమిది వేలు. మొత్తం దాదాపు అంతే. డెమోక్రాట్లకు పదివేలు తగ్గాయి, రిపబ్లికన్లకు పదకొండు వేలు పెరిగాయి. మనుషులు ఇంట్లో కూర్చోవడం వల్లే ఓడారంటే మొత్తం తగ్గాలి కదా! ఇంత సరిగ్గా సరిపోయిందంటే వేలమంది ఒబామాకు వేసినవాళ్లే ట్రంప్‌కు వేశారన్నమాట.

పైగా ఈరీ ఒక్కటే కాదు. పెన్సిల్వేనియాలో 67 కౌంటీలు ఉంటే, ఒబామాకు రెండుసార్లూ వేసి 2016లో ట్రంప్ వైపు తిరిగినవి మూడు: ఈరీ, నార్తాంప్టన్, లుజర్న్. మూడూ పాత పరిశ్రమల చోట్లే. 2020లో ఈరీ, నార్తాంప్టన్ బైడెన్‌కు తిరిగొచ్చాయి, లుజర్న్ రాలేదు. 2024లో ఆ రెండూ మళ్లీ ట్రంప్‌కు. మూడు చోట్లా ఒకేసారి ఓటేసే మనుషులు మారిపోయారంటే నమ్మడం కష్టం.

సరస్సుగాలి

మీ మొదటి పేరా చదివాక కాసేపు ఆగి ఆలోచించాను. మీరన్నది కొంత ఒప్పుకోవాలి. మా ఎదురింటాయన సంగతే చెబుతాను. జీఈలో మెషినిస్టుగా చేసి రిటైరయ్యారు. ఒబామాకు రెండుసార్లు వేశారు, 2016లో ట్రంప్‌కు వేశారు. అది ఆయన దాచుకోలేదు. మంచు తోస్తూ నాకు ఆయనే చెప్పారు: 1994లో మెక్సికో, కెనడాలతో నాఫ్టా అనే వాణిజ్య ఒప్పందం అమల్లోకి తెచ్చింది హిల్లరీ భర్త బిల్ క్లింటన్, మళ్లీ ఆ ఇంటి మనిషికే ఓటెయ్యమంటే చెయ్యి ఆడలేదని. అలాంటివాళ్లు ఉన్నారు. వేలల్లోనే ఉండొచ్చు.

అయితే మొత్తం సమానంగా ఉన్నంత మాత్రాన మనుషులు వాళ్లే అనుకోకూడదండి. బస్సు బయల్దేరేటప్పుడూ నలభై మంది, ఊరు చేరేటప్పుడూ నలభై మంది ఉన్నారంటే మధ్యలో ఎవరూ దిగలేదు, ఎక్కలేదు అనుకుంటామా? నాలుగేళ్లలో ఎందరో పోతారు, ఎందరో ఊరు వదులుతారు, ఎందరికో పద్దెనిమిది నిండుతాయి. 1960లో లక్షా ముప్ఫై ఎనిమిది వేలున్న ఈరీ నగరం 2020 నాటికి తొంభై ఐదు వేలకు దిగింది. వలస పోతూనే ఉన్న ఊరిది.

ఫ్యాక్టరీలో నాతో ప్రెస్ లైన్లో (అచ్చు యంత్రాల దగ్గర) పనిచేసే ఒకామె ఉంది. నల్లజాతి అమ్మాయి, ఈరీ నగరం తూర్పు భాగమైన ఈస్ట్ సైడ్‌లో ఉంటుంది. 2012లో వాళ్లమ్మతో కలిసి వెళ్లి ఒబామాకు వేసింది. 2016లో వెయ్యలేదు. ఆ రోజు మాకు ఉదయం ఏడు నుంచి రాత్రి ఏడు దాకా షిఫ్టు. పోలింగ్ కూడా ఏడింటికి మొదలై రాత్రి ఎనిమిదికి ముగుస్తుంది. ఆమెకు కారు లేదు, రెండు బస్సులు మారాలి. అప్పట్లో ఊళ్లో లేననో, ఒంట్లో బాలేదనో చట్టం ఒప్పుకునే కారణం చూపిస్తే తప్ప పోస్టల్ బ్యాలెట్ ఇచ్చేవారు కాదు. సెలవు అడగడానికి భయపడింది. రాత్రి ఏడున్నరకు ఆమెను నా కారులో ఎక్కించుకున్నాను. చర్చి హాలు దగ్గరికి వెళ్లేసరికి తలుపు మూస్తున్నారు. అప్పటికి నాకే ఓటు లేదు, ఆమెకు ఉండీ వెయ్యలేకపోయింది. ఆ రాత్రి కారులో ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు.

2019లో పెన్సిల్వేనియా యాక్ట్ 77 అనే చట్టం తెచ్చింది. కారణం చెప్పనక్కర్లేకుండా ఎవరైనా పోస్టులో ఓటెయ్యొచ్చు. 2020లో ఆమె అలాగే వేసింది. ఆ ఏడాది కౌంటీలో రెండు పార్టీలవి కలిపి లక్షా ముప్ఫై ఐదు వేలు. 2016 కంటే పదిహేడు వేలు ఎక్కువ! బైడెన్‌కు క్లింటన్ కంటే పదివేలు ఎక్కువొచ్చాయి. ట్రంప్‌కు కూడా దాదాపు ఏడు వేలు పెరిగాయి. ఓడిన సంవత్సరంలో ఆయన ఓట్లు పెరిగాయంటే, ట్రంప్ నుంచి బైడెన్‌కు జనం తరలిపోయారన్న కథ ఎలా నిలబడుతుంది చెప్పండి?

గాలిమర

అక్కా, నేను గ్యానన్ యూనివర్సిటీలో ఎంఎస్ చేశాను, 2024 ఎన్నికలప్పుడు డౌన్‌టౌన్‌లో ఉన్నాను. ఒకే అద్దె ఇంట్లో ఐదుగురం తెలుగువాళ్లం. ఒక్కరికీ ఓటు లేదు, అయినా మా తలుపు తట్టని రోజు లేదు. ప్రచారానికి వచ్చినవాళ్లు చేతిలో ట్యాబ్ పట్టుకుని, ఈ ఇంట్లో ఫలానా ఆయన ఉన్నారా అంటారు. మాకు ముందు అద్దెకున్నవాళ్ల పేర్లు వాళ్ల లిస్టులో అలాగే ఉండిపోయాయి. మీరన్న మనుషులు మారడం మా గుమ్మంలోనే కనిపించేది.

ఇంకొకటి చెప్పాలి. మేం బియ్యం, పప్పులు కొనుక్కునేది భూటాన్ నుంచి శరణార్థులుగా వచ్చిన నేపాలీల కొట్లో. ఆయన పద్దెనిమిదేళ్లు శరణార్థి శిబిరంలో ఉన్నారట. ఎన్నికల మర్నాడు వెళ్తే ఛాతీ మీద ఓటేసినట్టు స్టిక్కర్ ఇంకా ఉంది. జీవితంలో తాను ఓటేసిన మొదటి దేశం ఇదేనని చెప్పారు. ఎవరికి వేశారని నేను అడగలేదు. ఆ స్టిక్కర్ పక్కన నిలబడి అలా అడగబుద్ధి కాలేదు.

కొలిమి

అందరూ ఫ్యాక్టరీ, షిఫ్టు, బస్సు అంటున్నారు. ఎవరూ అనని మాట నేను అంటాను. ఈరీ మొదటి నుంచి వలస వచ్చినవాళ్ల ఊరే. కానీ బోస్నియా, నేపాలీ, కాంగో, సిరియా వాళ్లు వచ్చాక పాత ఊరివాళ్లలో కొందరికి అసహనం పెరిగింది. ఓటులో దాని వాటా లేదంటారా? మన దగ్గర ఎన్నికల విశ్లేషణలో ముందు సామాజికవర్గమే చూస్తాం. అమెరికా దగ్గరికి వచ్చేసరికి ఎందుకో మొహమాటపడతాం.

సరస్సుగాలి

మొహమాటం లేదండి. దాని వాటా ఉంది. నా చెవులతో విన్నాను, నన్నే అన్నవాళ్లూ ఉన్నారు.

ఇక్కడి పాత సామాజిక లెక్క చర్చిల చుట్టూ ఉండేది. స్టేట్ స్ట్రీట్‌కు తూర్పున పోలిష్ వాళ్లు, పడమర ఇటాలియన్లు, వాళ్లతోపాటు జర్మన్లు, ఐరిష్‌లు. ఎక్కువమంది కాథలిక్కులు, యూనియన్ కుటుంబాలు. పార్టీ అంటే ఇంటిపేరులా తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. 1966 నుంచి 1989 దాకా మేయర్‌గా ఉన్న లూయిస్ టులియో ఆ లెక్కలోంచి వచ్చిన మనిషే. కానీ అదే జనం ఈరీలో పెరిగిన టామ్ రిడ్జ్‌ను రిపబ్లికన్‌గా 1982 నుంచి వరుసగా కాంగ్రెస్‌కు, అంటే అమెరికా పార్లమెంటుకు, పంపారు. ఆయన తర్వాత గవర్నరయ్యారు. అంటే పార్టీ ఒకటైనా, మనవాడనుకుంటే అటు వేసేవారు. ఇది ట్రంప్‌తో మొదలైంది కాదు.

ఆ అలవాటు ఇప్పటికీ ఉంది. 2022లో గవర్నర్‌గా షపీరోకు, సెనేటర్‌గా ఫెటర్‌మన్‌కు ఈరీ కౌంటీ స్పష్టమైన మెజారిటీ ఇచ్చింది. ఇద్దరూ డెమోక్రాట్లే. అంతకు ఏడాది ముందే, 2021లో, కౌంటీ పాలన చూసే కౌంటీ ఎగ్జిక్యూటివ్‌గా రిపబ్లికన్‌ను ఎన్నుకుంది. 2025లో ఆ పదవి తిరిగి డెమోక్రాట్లకు ఇచ్చింది. వలసవాళ్ల మీద కోపమే అసలు కారణమైతే 2022లో ఆ కోపం ఎక్కడికి పోయింది?

లెక్కలబాబు

ఇప్పుడు మీరే ఊగిసలాటకు సాక్ష్యం ఇస్తున్నారు! 2021లో ఒకటి, 2022లో ఇంకొకటి, 2024లో మరొకటి. పైగా పోస్టల్ ఓటు 2024లోనూ ఉంది కదా. అవకాశం ఉన్నా ట్రంప్ గెలిచారు. మీ షిఫ్టు వాదన అక్కడ ఆగిపోతుంది.

సరస్సుగాలి

2024 గురించి నాకు మనసులో పెద్ద బరువుంది. ఆ ఏడాది కౌంటీలో వేలమందికి అడిగిన పోస్టల్ బ్యాలెట్ సమయానికి చేరలేదు. డెమోక్రాటిక్ పార్టీ కోర్టుకు వెళ్లింది. ఎన్నికకు నాలుగు రోజుల ముందు, ఎన్నికల ఆఫీసు వేళలు పెంచి, వచ్చినవాళ్లకు అక్కడికక్కడే కొత్త బ్యాలెట్ ఇవ్వాలని ఆదేశాలొచ్చాయి. కోర్టు హౌస్ దగ్గర క్యూ చూశాను. చలికోట్లలో ముసలివాళ్లు, చంకలో పిల్లలతో తల్లులు. దానివల్లే ఫలితం మారిందని నేను అనను. అలా అనడానికి నా దగ్గర ఆధారం లేదు, అలా అనడం తప్పు కూడా. ఆ ఏడాది పెన్సిల్వేనియా మొత్తంలో ట్రంప్‌కు లక్షకు పైగా మెజారిటీ వచ్చింది. గాలి రాష్ట్రమంతా అటే ఉంది. మనసు మార్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు, ఒప్పుకుంటున్నాను.

కానీ ఊగిసలాట అనే మాటకు నేనెందుకు అడ్డుపడుతున్నానో చెబుతాను. 2019 దాకా ఇక్కడ బ్యాలెట్ మీద ఒకే ఒక్క గుర్తు నింపితే పై నుంచి కింది దాకా ఆ పార్టీకే ఓటు పడిపోయేది. యాక్ట్ 77 దాన్ని కూడా తీసేసింది. ఇప్పుడు ఒక్కొక్క పదవికీ విడిగా నింపాలి. గవర్నర్‌కు ఒక పార్టీ, కౌంటీకి ఇంకో పార్టీ వేసినవాడు ఊగినవాడు కాదు, మనిషిని చూసి వేసినవాడు. మన దగ్గర అసెంబ్లీకి ఒకరికి, పార్లమెంటుకు ఇంకొకరికి వేసేవాళ్లను తెలివైన ఓటరంటాం. ఈరీ వాళ్లు అదే చేస్తే నిలకడ లేనివాళ్లా?

రైలుబండి

అమ్మా, ఒక సందేహం. ఈ ఊరు ఎటు వేస్తే దేశం అటే అని కూడా అంటున్నారు కదా. అది నిజమేనా?

సరస్సుగాలి

గత ఐదు అధ్యక్ష ఎన్నికలకు నిజమేనండి. అంతకుముందు కాదు. 1988లో ఈరీ డుకాకిస్‌కు వేసింది, గెలిచింది బుష్. 2000లో గోర్‌కు, 2004లో కెర్రీకి వేసింది. ఇద్దరూ ఓడారు. జాతకం చెప్పే ఊరేం కాదు. ఆ పేరు పెట్టడంతో ప్రతి అధ్యక్ష ఎన్నిక ముందు పెద్ద నాయకులు వచ్చి సభలు పెడతారు. 2024లో ట్రంప్, ఆయన ప్రత్యర్థి హారిస్ దాదాపు రెండు వారాల తేడాలో వచ్చారు. నవంబరు దాటాక ఆ హడావుడి ఉండదు. ఈస్ట్ సైడ్‌లో ఆదివారం బస్సు కోసం ఎంతసేపు నిలబడాలో అడగడానికి ఏ కెమెరా రాదు. మేయర్ ఎన్నికకైతే అసలు పోటీ మే నెల ప్రైమరీలోనే, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలోనే, అయిపోతుంది. అది కూడా పార్టీలో నమోదైనవాళ్లే వెయ్యాలి. 2025 మేలో రెండుసార్లు గెలిచిన మేయర్ అక్కడే ఓడిపోయారు. మా లైన్లో సగం మందికి ఆ సంగతి మర్నాడు తెలిసింది.

గాలిమర

అక్కా, పోలింగ్ కేంద్రాల వారీగా అంకెలు దొరికితే మీ ఇద్దరి వాదన తేలిపోతుంది కదా? ఈస్ట్ సైడ్‌లో ఎంతమంది వచ్చారు, లారెన్స్ పార్క్‌లో పార్టీ వాటా ఎంత మారింది అని విడివిడిగా చూడొచ్చు.

లెక్కలబాబు

అదే సరైన దారి. ఓటేసినవాళ్లు తగ్గి డెమోక్రాట్లు ఓడితే ఆమె మాట, ఓటేసినవాళ్లు తగ్గకుండా వాటా మారితే నా మాట. కౌంటీ అంకెలు నేను పట్టిక చేసి పెడతాను. 2012 నుంచి మొదలుపెడదాం.

సరస్సుగాలి

ఒప్పుకున్నాను. లారెన్స్ పార్క్‌లో మీ మాటే నెగ్గుతుందని నా అనుమానం. ఈస్ట్ సైడ్‌లో నాది నెగ్గుతుంది, చూడండి.

ఇక్కడ ఓట్లు లెక్కయ్యాక ఆ కేంద్రం ఫలితాల కాగితాన్ని తలుపుకే అంటిస్తారు. పొడుగ్గా, షాపు బిల్లులా ఉంటుంది. వచ్చే ఎన్నిక రాత్రి షిఫ్టు దిగాక నేనూ మా ప్రెస్ లైన్ అమ్మాయీ ఆ చర్చి హాలు దగ్గరికి వెళ్తాం. తలుపు మీద కాగితం ఫొటో తీసి ఇక్కడే పెడతాను.